బాబాయే మామగారైన ఇంట్లో: మిలాన్ ప్రభువు జాన్ గలెయాత్సో విస్కోంతి

మీరు అడిగింది ఇదీ: "మధ్యయుగ ఇటలీలో జాన్ గలెయాత్సో విస్కోంతి అనే ప్రభువు సొంత మామగారినే బంధించి చంపించాడట, డబ్బు కట్టి డ్యూక్ పదవి కొన్నాడట, ఇటలీ మొత్తానికి రాజు కాబోతుండగా పోయాడట. ఇందులో ఎంత నిజం? అంత ఆశ దేనికి? ఇప్పుడు అక్కడ చూడటానికి ఏమైనా మిగిలిందా?"

డిగ్రీ కాలేజీలో యూరప్ చరిత్ర చాలా ఏళ్ళు చెప్పాను కాబట్టి ఈ మనిషి నాకు పాత పరిచయమే. ముందు సూటిగా చెప్పేస్తాను. మామగారిని బంధించిన మాట పచ్చి నిజం. చంపించాడన్నది అప్పటి జనమంతా నమ్మిన మాట. పదవి కొన్నదీ నిజమే, ధరతో సహా తెలుసు. ఇటలీ రాజు అన్నది మాత్రం సగం శత్రు నగరం ఫ్లోరెన్స్ వాళ్ళ భయం, సగం మిలాన్ కవుల పొగడ్త. అతన్ని నడిపించింది కిరీటం మీద మోజు అని నేను అనుకోను. తను బాబాయి ఇంటికి చేసిన పని రేపు ఎవరో ఒకరు తన పిల్లలకు చేస్తారన్న టెన్షన్ అతన్ని చివరిదాకా వదల్లేదు. అతని పెళ్ళి ఒప్పందాలు, కొన్న బిరుదులు, చేసిన యుద్ధాలు ఆ దారినే చూస్తే అర్థమవుతాయి.

పేరు గురించి చిన్న మాట. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చాలామంది 'గలియాజో' అంటారు. ఇటాలియన్‌లో రెండు జెడ్‌లు పక్కపక్కన వస్తే చాలా మాటల్లో, ఈ పేరులో కూడా, 'త్స' అని పలుకుతారు. అందుకే గలెయాత్సో.

ఇక ఇంటి సంగతి. 1354లో మిలాన్‌ను ఏలుతున్న ఆర్చిబిషప్ జొవాన్ని విస్కోంతి చనిపోయాడు. రాజ్యం ఆయన సోదరుడి కొడుకులు ముగ్గురికీ వచ్చింది: మత్తెయో, గలెయాత్సో, బెర్నబో. మరుసటి ఏడే మత్తెయో పోయాడు. తమ్ముళ్ళే ఏదో పెట్టారని ఊరంతా గుసగుసలు. మిగిలిన ఇద్దరూ పొలం గట్టు వేసి పంచుకున్నట్టు రాజ్యాన్ని పంచుకున్నారు. పడమటి ఊళ్ళు అన్న గలెయాత్సోకి, తూర్పు ఊళ్ళు తమ్ముడు బెర్నబోకి. మిలాన్ నగరాన్ని కూడా చెరి సగం చేసుకున్నారు. గలెయాత్సో క్రమంగా పావియాకి మారి అక్కడ పెద్ద కోట కట్టించాడు, 1361లో అక్కడే విశ్వవిద్యాలయం పెట్టించాడు. మన కథానాయకుడు ఈ గలెయాత్సో కొడుకు, 1351లో పుట్టాడు.

ఈ పంపకం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, కథకు మూలం ఇదే. విస్కోంతిలు రాజులు కారు. ఊరి సభ 'మీరే మా ప్రభువులు' అని ఒప్పుకుంటే ఏలేవాళ్ళు. పైన చక్రవర్తికి (జర్మనీ నుంచి ఏలే పవిత్ర రోమన్ చక్రవర్తి) డబ్బు కట్టి 'ఆయన ప్రతినిధి' అన్న హోదా తెచ్చుకునేవాళ్ళు. పెద్దకొడుక్కే మొత్తం అన్న నియమం లేదు. ఇంట్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ వాటా ఉంది, కాబట్టి ప్రతి అన్నకూ తమ్ముడంటే భయమే. రాజ్యం ఇంటి ఆస్తిగా ఉన్నంతకాలం అన్నం పళ్ళెంలో విషం గురించి ఆలోచించక తప్పదు.

రాజవంశం కాదన్న లోటు తీర్చుకోవడానికి వాళ్ళకు దొరికిన దారి పెళ్ళిళ్ళు. 1356లో ప్వాతియే యుద్ధంలో ఫ్రాన్స్ రాజు రెండో జాన్ ఇంగ్లీషువాళ్ళకు బందీగా చిక్కాడు. విడిపించడానికి 30 లక్షల బంగారు నాణేలు కట్టాలి. ఖజానా ఖాళీ. గలెయాత్సో ముందుకొచ్చి, మీ అమ్మాయిని మా అబ్బాయికిస్తే 6,00,000 ఫ్లోరిన్లు ఇస్తానన్నాడు. ఒక్కో ఫ్లోరిన్‌లో దాదాపు మూడున్నర గ్రాముల మేలిమి బంగారం ఉండేది, అంటే రెండు టన్నుల పైమాట. 1360లో పెళ్ళయింది. పెళ్ళికొడుక్కి తొమ్మిదేళ్ళు నిండబోతున్నాయి, రాకుమారి ఇసబెల్‌కి పన్నెండు. ఫ్రాన్స్ రాజు కన్నబిడ్డను అమ్ముకున్నాడని అప్పటివాళ్ళే వాపోయారు. మనకు కన్యాశుల్కం కొత్త కాదు, ఈ స్థాయిలో మాత్రం వినలేదు.

ఇసబెల్ కట్నంగా షాంపేన్ ప్రాంతంలోని వెర్త్యూ అనే చిన్న జాగీరు తెచ్చింది. ఆ పేరు ఇటాలియన్ నోటిలో 'విర్తూ' అయింది, అంటే సుగుణం. అలా మనవాడు 'సుగుణాల కౌంట్' అయ్యాడు. తర్వాత చేసిన పనులు చూస్తే ఆ బిరుదుకు నవ్వొస్తుంది గానీ, పావియా వీధుల్లో చివరిదాకా అతన్ని పిలిచింది ఆ పేరుతోనే.

అతని చెల్లెలు వియొలాంతె పెళ్ళిళ్ళు కూడా ఇదే బాపతు. 1368లో ఇంగ్లండ్ రాజు కొడుకు లయొనెల్‌తో మహా ఆర్భాటంగా చేశారు, విందుకు కవి పెట్రార్క్ కూడా వచ్చాడు. నాలుగైదు నెలల్లో పెళ్ళికొడుకు పోయాడు. రెండో భర్త హత్యకు గురయ్యాడు. మూడోసారి బాబాయి బెర్నబో కొడుకు లొదొవీకోకే ఇచ్చారు. ఈ లొదొవీకోని గుర్తుపెట్టుకోండి.

బెర్నబో గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేం, ఆయన సినిమాలో విలన్ లాంటి మనిషి. వేటకుక్కలు ఐదు వేలు ఉండేవని రాశారు. వాటిని జనం ఇళ్ళలో పెట్టి పెంచమనేవాడు. తనిఖీకి వచ్చినప్పుడు కుక్క చిక్కితే జరిమానా, బలిస్తే జరిమానా. పోప్ తనను మతం నుంచి వెలివేస్తూ పత్రం పంపితే, తెచ్చిన దూతల చేతే ఆ తోలు కాగితం, పట్టుతాడు, సీసపు ముద్రతో సహా తినిపించాడన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కొంత కల్పన కలిసే ఉంటుంది, కానీ ఎవరి గురించి పడితే వాళ్ళ గురించి ఇలాంటి కథ పుట్టదు కదా. భార్య రెజీనా వెరోనాను ఏలే దెల్లా స్కాలా వంశపు ఆడపడుచు. రాజకీయం బాగా తెలిసిన మనిషి. ఆవిడకు పదిహేను మంది పిల్లలు, బయట ఇంకా చాలామంది.

ఆ కూతుళ్ళే బెర్నబో అసలు ఆస్తి. తద్దెయాని బవేరియా డ్యూక్‌కి ఇచ్చాడు, వెర్దెని ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ ఇంటికి, మద్దలేనాని మళ్ళీ బవేరియాకి, అంతోనియాని వుర్టెంబర్గ్‌కి, వాలెంత్సాని సైప్రస్ రాజుకి, ఆగ్నేసెని పొరుగున ఉన్న మాంతువా ప్రభువుకి. అక్రమ సంతానంలో దొన్నీనా అనే అమ్మాయిని ఇంగ్లీషు కిరాయి సేనాని జాన్ హాక్‌వుడ్‌కి కట్టబెట్టాడు. ఆల్ప్స్ పర్వతాలకు అటూ ఇటూ ఎక్కడ చూసినా ఆయన అల్లుళ్ళే.

1378లో తండ్రి పోయేసరికి జాన్ గలెయాత్సోకి ఇరవయ్యారేళ్ళు. ఇసబెల్ అప్పటికే 1372లో కాన్పులో చనిపోయింది. కూతురు వాలెంతీనా ఉంది. కొడుకులు ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. అంటే అతనికి ఏమన్నా అయితే రాజ్యం బాబాయి ఇంటికే. సిసిలీ సింహాసనానికి వారసురాలు మరియాతో సంబంధం మాట్లాడుకున్నాడు గానీ, ఆరగాన్ రాజు ఊరుకోలేదు, అది చెడిపోయింది. అప్పుడు బెర్నబో తన కూతురు కతెరీనాని ఇస్తానన్నాడు. 1380 నవంబరులో పెళ్ళి జరిగిపోయింది.

ఇక్కడ తెలుగువాళ్ళం ఉలిక్కిపడతాం. మేనమామ కూతురైతే మనకు వరసే, మేనత్త కూతురూ వరసే. కానీ బాబాయి కూతురు! చెల్లెలు వరస. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీల్లో కలకలం రేగేది. చర్చి చట్టానికి మాత్రం ఈ తేడా లేదు. మేనమామ కూతురైనా బాబాయి కూతురైనా వాళ్ళకు ఒకటే కజిన్, రెండూ నిషిద్ధమే. పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే రెండూ చెల్లుతాయి. ఇతను తెచ్చుకున్నాడు. అలా బాబాయే మామగారు, బావమరిదే చెల్లెలి మొగుడు అయిన ఇల్లు తయారైంది. బెర్నబో లెక్క తేలికే: కొడుకు పుడితే నా మనవడు, పుట్టకపోతే వాటా నాకే.

తర్వాతి ఐదేళ్ళు జాన్ గలెయాత్సో చేసింది నటనే అని చాలామంది నమ్మకం. పావియా కోటలో పుస్తకాలు, పూజలు, చుట్టూ గట్టి కాపలా. బాబాయి పేరెత్తితే వణికేవాడట. బెర్నబో కొడుకులు నవ్వుకునేవాళ్ళు. నాకు అదంతా నటన అనిపించదు, నిజంగానే భయపడ్డాడు. భయపడేవాడే బాగా ప్లాన్ చేస్తాడు. బెర్నబో తన వాటాను కొడుకులకు ఊళ్ళవారీగా పంచేశాడు. ఇంకో పక్క కూతురు లుచీయాని ఫ్రాన్స్ రాజవంశంలో అంజూ ఇంటికి ఇచ్చే మాటలు నడుపుతున్నాడు. అది జరిగితే జాన్ గలెయాత్సోకి ఉన్న ఒకే ఒక్క పెద్ద బంధుత్వం, ఫ్రాన్స్, బాబాయి చేతికి పోతుంది. 1384లో రెజీనా చనిపోయింది. ఆ ఇంట్లో ప్రమాదం పసిగట్టగలిగిన మనిషి ఆవిడే.

1385 మే 6. వరేజె దగ్గర కొండ మీది మేరీమాత గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నానని, దారిలో మిలాన్ గోడల బయట బాబాయికి దణ్ణం పెట్టుకుంటానని కబురు పంపాడు. ఊళ్ళోకి రావడానికి భయమట. వెంట కొన్ని వందల గుర్రపు దళం, నడిపేది జాకొపో దాల్ వెర్మె. పిరికివాడు కదా, అన్ని కాపలాలు మామూలే అనుకున్నారు. బెర్నబో, అరవై దాటిన మనిషి, కంచరగాడిద ఎక్కి నామమాత్రపు పరివారంతో ఎదురొచ్చాడు. కొడుకులు రొదోల్ఫో, లొదొవీకో కూడా వచ్చారు. కౌగిలించుకున్నారు. జాన్ గలెయాత్సో తన జర్మన్ సైనికులకు వాళ్ళ భాషలో ఒక్క మాట అన్నాడని చెబుతారు. దాల్ వెర్మె బెర్నబో చేతిలోని పగ్గాలు లాక్కున్నాడు. అంతే. పెద్దగా కత్తి తియ్యాల్సిన పని కూడా పడలేదు.

సాయంత్రంలోపు మిలాన్ అతనిది. జనం వీధుల్లోకొచ్చి కౌంట్‌కి జై, పన్నులు నశించాలి అని అరిచారు. బెర్నబో కొడుకుల ఇళ్ళు లూటీ చెయ్యనిచ్చాడు, పన్ను కాగితాలు తగలబెట్టనిచ్చాడు. జనాన్ని తన వైపు తిప్పుకోవడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి ఉండదు. పన్నులు తర్వాత తిరిగొచ్చాయి, అది వేరే సంగతి. తండ్రీకొడుకులు ముగ్గురినీ పోర్తా జోవియా కోటలో పెట్టారు. లొదొవీకో సొంత చెల్లెలి భర్త అన్నాను కదా, అతన్నీ వదల్లేదు. తర్వాత బెర్నబోని అద్దా నది ఒడ్డున త్రెత్సో కోటకు తరలించారు. ఆ కోట బెర్నబో స్వయంగా కట్టించుకున్నదే. పక్కనే నది మీద దాదాపు 72 మీటర్ల ఒంటి కమాను వంతెన కూడా కట్టించాడు, ఆ రోజుల్లో ప్రపంచంలో అంత వెడల్పు కమాను ఇంకోటి లేదు. ఏడు నెలలు తను కట్టిన గోడల మధ్యే ఉండి డిసెంబరు 19న చనిపోయాడు. చిక్కుడు గింజల వంటకంలో విషం పెట్టారని అందరూ అన్నారు. 1378లో మిలాన్‌కి రాయబారిగా వచ్చి బెర్నబోని కలిసిన ఇంగ్లీషు కవి చాసర్, ఆయన చావు మీద కొన్ని పంక్తులు రాస్తూ, అల్లుడి చెరలో పోయాడన్నాడు గానీ ఎందుకు, ఎలా చంపారో తనకు తెలియదన్నాడు. ఈ రోజుకీ దానికి మించి చెప్పగలిగే ఆధారం లేదు.

ఇక్కడితో ఆపితే ఇది మామూలు కుట్ర కథ. నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాతది. మామగారిని పట్టుకోవడం ఒక ఉదయం పని, ఆయన అల్లుళ్ళను తట్టుకోవడం పదిహేడేళ్ళ పని. బెర్నబో నేరాల జాబితా ఒకటి తయారు చేయించి రాజదర్బారులన్నిటికీ పంపాడు. కానీ వెతుక్కుంటూ వచ్చే వార్తలు వేరేగా ఉన్నాయి. కుట్ర జరిగిన రెండు నెలలకే, 1385 జులై 17న, ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్ బవేరియా అమ్మాయి ఇసబోని పెళ్ళి చేసుకున్నాడు. ఎవరీ ఇసబో? బెర్నబో కూతురు తద్దెయా బిడ్డ. అంటే తాతను బంధించినవాడి మీద పగ పెట్టుకున్న మనవరాలు నేరుగా ఫ్రాన్స్ రాణి అయి కూర్చుంది.

జాన్ గలెయాత్సో వెంటనే పావు కదిపాడు. కూతురు వాలెంతీనాని రాజు తమ్ముడు లూయీకి ఇచ్చాడు. 1387లో ఒప్పందం, 1389లో పెళ్ళి. కట్నం 4,50,000 ఫ్లోరిన్లు, పైన ఆస్తి నగరం. ఒప్పందంలో ఒక మాట రాయించారు: విస్కోంతి మగ సంతానం అంతరిస్తే మిలాన్ హక్కు వాలెంతీనా వారసులకు. ఆ మాట రాసేటప్పుడు అదో మర్యాద అనుకుని ఉంటారు. దాని సంగతి చివర్లో.

పారిస్‌లో వాలెంతీనాకి సుఖం దక్కలేదు. 1392లో చార్లెస్ రాజుకు మతిభ్రమణం మొదలైంది. పిచ్చి ముదిరినప్పుడు సొంత భార్యను గుర్తుపట్టేవాడు కాదు, మరదలు వాలెంతీనాని మాత్రం గుర్తుపట్టి ప్రియమైన చెల్లీ అని పిలిచేవాడు. ఇంకేముంది, లొంబార్డీ (మిలాన్ ప్రాంతం) ఆడది, చేతబడి చేసిందన్నారు. విషాల దేశం నుంచి వచ్చిందన్నారు. రాణి వర్గం ఆ పుకారును ఆపే ప్రయత్నం చెయ్యలేదు. 1396లో వాలెంతీనా పారిస్ వదిలిపోవాల్సి వచ్చింది. అదే ఏడు ఫ్రాన్స్, ఫ్లోరెన్స్‌తో మిలాన్‌కి వ్యతిరేకంగా చేతులు కలిపింది. బెర్నబో మనవరాలి దెబ్బ అది.

మిగిలిన కూతుళ్ళూ ఊరుకోలేదు. ఫ్లోరెన్స్ తరఫున మిలాన్ మీదికి సైన్యం నడిపిన హాక్‌వుడ్, దొన్నీనా మొగుడు. తప్పించుకుపోయిన బెర్నబో కొడుకు కార్లో భార్య ఫ్రాన్స్‌లోని ఆర్మన్యాక్ ఆడపడుచు. 1391లో ఆర్మన్యాక్ కౌంట్ ఆల్ప్స్ దాటి దండెత్తి వచ్చాడు, అలెసాంద్రియా దగ్గర దాల్ వెర్మె చేతిలో ఓడి చనిపోయాడు. మాంతువాలో ఉన్న ఆగ్నేసె గతి మరీ ఘోరం. తండ్రిని చంపినవాడి మీద ద్వేషం దాచుకోని మనిషి. 1391లో భర్తే వ్యభిచారం నేరం మోపి తల నరికించాడు. దాని వెనక జాన్ గలెయాత్సో ప్రోద్బలం ఉందని అప్పుడే అన్నారు. నిరూపణ లేదు.

ఊళ్ళు గెలిచిన వరస నేను త్వరగా దాటేస్తాను, అందులో కొత్తగా చెప్పేది తక్కువ. 1387లో వెరోనా, విచెంత్సా. విచెంత్సాని పాదువా ప్రభువుకి ఇస్తానని మాటిచ్చి, ఊరు చేతికొచ్చాక అది నా భార్యది, ఆవిడ తల్లి దెల్లా స్కాలా ఇంటి పిల్ల కదా అన్నాడు. చంపిన మామగారి కూతురి పుట్టింటి హక్కు కూడా వాడుకున్నాడన్నమాట. మరుసటి ఏడు ఆ పాదువానే మింగాడు, రెండేళ్ళకు అది చేజారింది. అతను స్వయంగా కత్తి పట్టి యుద్ధానికి వెళ్ళేవాడు కాదు. పావియాలో కూర్చుని ఉత్తరాలు, లెక్కలు, సేనానుల జీతాలు చూసుకునేవాడు. అందుకే దాల్ వెర్మె లాంటివాళ్ళు అతన్ని చివరిదాకా వదల్లేదు, జీతం సమయానికి వచ్చేది.

కతెరీనా పరిస్థితి మాత్రం ఆలోచించండి. తండ్రిని చంపినవాడితో కాపురం. ఆవిడ ఏమనుకుందో మనకు ఎక్కడా దొరకదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు, 1388లో, కొడుకు పుట్టి బతికాడు. మేరీమాతకు మొక్కుకుని పుట్టినవాళ్ళు కాబట్టి కొడుకులందరికీ మరియా పేరు కలిపారు: జొవాన్ని మరియా, తర్వాత 1392లో ఫిలిప్పో మరియా.

ఇప్పుడు డ్యూక్ పదవి. కొడుకులు పుట్టారు, రాజ్యం పెరిగింది, కానీ హక్కు? నగర సభ ఒప్పుకుంది, చక్రవర్తి ప్రతినిధి బిరుదు ఉంది, అంతే. బెర్నబోకీ సరిగ్గా అంతే ఉండేది. బెర్నబో పిల్లలు వచ్చి మా వాటా ఏదంటే చట్టప్రకారం చెప్పే జవాబు లేదు. డ్యూక్ అయితే మాట మారుతుంది. అది చక్రవర్తి అధికారం నుంచి వచ్చిన జాగీరు, పెద్దకొడుకు వరసలో దిగుతుంది, బాబాయి పిల్లలకు వాటా ఉండదు. అప్పుడు ఆ చక్రవర్తి స్థానంలో ఉన్న జర్మనీ రాజు వెన్సెస్లాస్‌కి ఎప్పుడూ డబ్బు కటకటే. 1395 మేలో జాన్ గలెయాత్సో అతని చేత 1,00,000 ఫ్లోరిన్లకు పత్రం రాయించుకున్నాడు. మూడున్నర క్వింటాళ్ళ బంగారం. సెప్టెంబరు 5న మిలాన్‌లో సంత్ అంబ్రోజో చర్చి ముందు వైభవంగా పట్టాభిషేకం జరిగింది. ఫ్రాన్స్ రాకుమారిని 6,00,000కి తెచ్చిన ఇంట్లో ఇది చవక బేరమే.

ఆ బేరానికి జర్మనీలో పెద్ద రాద్ధాంతం అయింది. 1400లో జర్మన్ ఎలెక్టర్లు, అంటే రాజును ఎన్నుకునే ప్రభువులు, వెన్సెస్లాస్‌ని దింపేశారు, చెప్పిన కారణాల్లో మిలాన్‌ను అమ్ముకోవడం ఒకటి. కొత్తగా ఎన్నికైన రూపర్ట్, బెర్నబో బవేరియా అల్లుళ్ళ విటెల్స్‌బాక్ వంశంలో ఇంకో కొమ్మ. ఫ్లోరెన్స్ డబ్బుతో 1401లో దండెత్తి వచ్చాడు, బ్రెష్యా దగ్గర తన్నులు తిని వెనక్కి పోయాడు.

ఇటలీ రాజు అన్న మాట అప్పటిది. 1399లో పీసాను కొన్నాడు, అవును, దాన్ని కూడా, ఆ ఊరి ప్రభువుకి 2,00,000 ఫ్లోరిన్లు ఇచ్చి. అదే ఏడు సియేనా తనంత తానే లొంగింది, 1400లో పెరూజా. 1402 జూన్ 26న కసలెక్కియో దగ్గర గెలిచి బొలోన్యా పట్టాడు. మ్యాపు తీసి చూస్తే ఫ్లోరెన్స్ చుట్టూ ఉచ్చు బిగిసినట్టే కనిపిస్తుంది. ఫ్లోరెన్స్ పడగానే పెట్టుకోవడానికి కిరీటం, రాజవస్త్రాలు సిద్ధం చేయించుకున్నాడని ఆ ఊళ్ళో చెప్పుకున్నారు. అతని కొలువులోని కవులు కూడా ఇటలీని ఒక్కటి చేసే మహానుభావుడా అని రాసేవాళ్ళు. జీతం తీసుకునే కవి ఇంకేం రాస్తాడు? ఫ్లోరెన్స్ వైపు ఆ ఊరి కార్యదర్శి కొలూచ్చో సలుతాతి స్వేచ్ఛ, నిరంకుశత్వం అంటూ ఉత్తరాల మీద ఉత్తరాలు గుప్పించాడు. వెయ్యిమంది ఫ్లోరెన్స్ రౌతులకన్నా సలుతాతి ఉత్తరం ఒకటి ఎక్కువ నష్టం చేస్తుందని జాన్ గలెయాత్సో అన్నాడని ప్రతీతి. నా అభిప్రాయం అడిగితే, కిరీటం ఎవరైనా చేతిలో పెడితే కాదనేవాడు కాదు. కానీ అతను సంతకాలు చేసిన పత్రాల్లో కనపడే పట్టుదల రాజు కావడం గురించి కాదు, వారసత్వం గురించి. ఫ్లోరెన్స్‌ను పట్టుకోవాలనుకున్నది కూడా, బెర్నబో సంతతికి డబ్బు ఎప్పుడూ అక్కణ్ణుంచే అందుతోంది కాబట్టి.

ఆ వేసవిలో లొంబార్డీలో ప్లేగు. దాన్ని తప్పించుకోవడానికి మెలెన్యానో కోటకు వెళ్ళాడు, అక్కడే జ్వరం తగిలింది. 1402 సెప్టెంబరు 3న పోయాడు. యాభై ఒకటి ఇంకా నిండలేదు. ఫ్లోరెన్స్‌లో పండగ చేసుకున్నారు.

ఇక వీలునామా. ఇంత తెలివైనవాడు ఇక్కడ ఎందుకు తడబడ్డాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రాజ్యం ముక్కలు కాకూడదని లక్ష ఫ్లోరిన్లు పోశాడా, చివరికి తనే ముక్కలు చేశాడు. పద్నాలుగు నిండని జొవాన్ని మరియాకి మిలాన్, పదేళ్ళ ఫిలిప్పో మరియాకి పావియాతో పాటు పడమటి ఊళ్ళు, ప్రియురాలు ఆగ్నేసె మంతెగాత్సాకి పుట్టిన గబ్రియేలె మరియాకి పీసా. అచ్చం తన తండ్రి తరంలో జరిగిన పంపకమే. పాలన చూడాల్సింది కతెరీనా. రెండేళ్ళు తిరక్కుండా, 1404 అక్టోబరులో, మోంత్సా కోటలో కొడుకు మనుషుల చెరలో చనిపోయింది. మళ్ళీ విషం అనే అన్నారు. సేనానులు ఎవరికి దొరికిన ఊరు వాళ్ళు పట్టుకున్నారు. పెద్దవాడు మనుషుల మీదికి కుక్కల్ని వదిలేవాడని చెప్పుకుంటారు, తాత పోలిక. 1412 మే 16న అతన్ని చర్చిలో పొడిచి చంపారు.

అప్పుడు మిలాన్‌లోకి వచ్చి ప్రభువునని చాటుకున్నది ఎవరనుకుంటున్నారు? ఎస్తోరె విస్కోంతి, బెర్నబో అక్రమ సంతానం. పక్కన బెర్నబో మనవడు ఒకడు. జాన్ గలెయాత్సో ఇరవై ఏడేళ్ళ కిందట దేనికి భయపడ్డాడో అదే, మనుషుల పేర్లతో సహా. నెల రోజులే నిలిచారు. చిన్నవాడు ఫిలిప్పో మరియా, అదే మే 16న పోయిన సేనాని ఫచీనో కానె భార్య బెయాత్రీచెని పెళ్ళాడి, ఆవిడ డబ్బుతో, ఆవిడ మొగుడి సైన్యంతో మిలాన్ తిరిగి పట్టాడు. ఆవిడ అతనికన్నా ఇరవై ఏళ్ళ పెద్ద. 1418లో వ్యభిచారం నేరం మోపి తల నరికించాడు. ఈ ఇంట్లో ఆడవాళ్ళ గతి చూస్తుంటే ఒక్కోసారి పుస్తకం మూసేయాలనిపిస్తుంది.

ఫిలిప్పో మరియాకి కొడుకులు లేరు. 1447లో పోయాడు. మిలాన్ ప్రజలు మూడేళ్ళు గణతంత్రం నడిపారు. తర్వాత అతని అక్రమ సంతానం బ్యాంకా మరియాను పెళ్ళాడిన సేనాని ఫ్రంచెస్కో స్ఫోర్త్సా 1450లో డ్యూక్ అయ్యాడు. ఇక్కడ వాలెంతీనా పెళ్ళి ఒప్పందంలోని ఆ ఒక్క మాట తెరుచుకుంది. ఆవిడ మనవడు పన్నెండో లూయీ ఫ్రాన్స్ రాజై, మా నానమ్మ హక్కు అంటూ 1499లో మిలాన్ మీద పడ్డాడు, గెలిచాడు. ఆ తర్వాత అరవై ఏళ్ళ దాకా ఇటలీ విదేశీ సైన్యాలకు యుద్ధభూమి అయింది.

చూడటానికి ఏమున్నాయి అన్నారు. మిలాన్ పెద్ద చర్చి పని 1386లో మొదలైంది, కుట్ర జరిగిన మరుసటి ఏడు. దానికి కందోల్యా గనుల పాలరాయి ఇచ్చినవాడు ఇతనే. కాలువల మీద పడవల్లో, సుంకం లేకుండా వచ్చేది. 1396లో పావియా దగ్గర కతెరీనా మొక్కు ప్రకారం చెర్తోజా మఠానికి పునాది వేశాడు. అతని సమాధి అక్కడే ఉంది, చాలా అందమైన పాలరాతి పని. ఆల్ఫా రొమెయో కారు ముందు చూడండి, మనిషిని మింగుతున్న పాము కనపడుతుంది. అది విస్కోంతిల చిహ్నం. త్రెత్సోలో బెర్నబో కోట శిథిలాలు, వంతెన తాలూకు మొదళ్ళు మిగిలాయి. కమానును 1416లోనే యుద్ధంలో కూలగొట్టారు.

ఒక్కటే చూసే టైమ్ ఉంటే మాత్రం మిలాన్‌లో స్ఫోర్త్సా కోటకు వెళ్ళండి. బెర్నబోని మొదట బంధించిన పోర్తా జోవియా కోట ఉన్న చోటే అది లేచింది. లోపల మ్యూజియంలో బెర్నబో పాలరాతి విగ్రహం ఉంటుంది, బతికుండగా తనే చెక్కించుకున్నది. కవచం తొడుక్కుని, పెద్ద యుద్ధాశ్వం మీద నిటారుగా కూర్చుని ఉంటాడు. ఆ రోజు మాత్రం కంచరగాడిద ఎక్కి వచ్చాడు.